కేంబియం ప్రాథమికమా, ద్వితీయమా? ఒకే కణజాలానికి ఇన్ని పేర్లెందుకు?

మీరు అడిగింది ఇదీ: కర్నూలులో ఇంటర్ మొదటి సంవత్సరం చదువుతున్న మీ అమ్మాయికి ఒకే విషయం రెండు చోట్ల రెండు రకాలుగా కనిపించింది. కాండంలో నాళికాపుంజం (నీళ్లూ ఆహారమూ మోసే కణజాలాల కట్ట) లోపల ఉండే కేంబియాన్ని, అంటే మానును లావు చేసే పలచటి పొరను, పుస్తకం పార్శ్వ (పక్కన ఉండే) విభాజ్య కణజాలమని, అంటే ద్వితీయమని చెప్తోంది. కోచింగ్ నోట్సులో అదే కేంబియం ప్రాథమికమని ఉంది. ఏది రాయాలి? ఈ వర్గీకరణ బట్టీ పట్టకుండా అర్థమయ్యే దారి ఉందా? ఇంకొకటి, కొబ్బరికి కేంబియం లేదంటారు కదా, మరి మాను అంత లావు ఎలా అయింది?

ముందు సూటిగా చెప్తాను. రెండు చోట్లా ఉన్నది తప్పు కాదు. రెండూ వేర్వేరు ప్రశ్నలకు జవాబులు. పుట్టుక అడిగితే నాళికాపుంజం లోపలి కేంబియం ప్రాథమికం. ఉన్న చోటు అడిగితే పార్శ్వం. అది తయారుచేసే సరుకు అడిగితే ద్వితీయ కణజాలాలు. పరీక్షలో పుస్తకం ఎలా విడగొట్టిందో అలా రాయమనండి. ప్రశ్నలో "పుట్టుక రీత్యా" అన్న మాట కనిపిస్తే మాత్రం నోట్సులో ఉన్నదే సరైన జవాబు.

నేను అనంతపురంలో బోటనీ చెప్పి రిటైరైనవాణ్ని. ఊళ్లో కొద్దిగా చీనీ తోట కూడా ఉంది. చీనీ అంటే బత్తాయే, మా వైపు అలాగే అంటాం. ఈ పాఠంలో సగం నాకు క్లాసులో కంటే తోటలోనే అర్థమైందని చెప్పడానికి సిగ్గేమీ లేదు. అందుకే కొంచెం పొడుగ్గా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

మన ఒంట్లో పెరుగుదల దాదాపు అంతటా జరుగుతుంది. పిల్లవాడు ఎదిగితే చేయీ కాలూ ముక్కూ అన్నీ ఎదుగుతాయి. చెట్టు అలా కాదు. దానికి పెరిగే చోట్లు వేరుగా ఉంటాయి, మిగతా ఒళ్లంతా పెరగడం ఆపేసిన కణాలే. మా పాత ఇంటి ముందు వేపచెట్టుకు బట్టలారేసే తీగ కోసం మా నాన్న మేకు కొట్టాడు. అప్పుడు అది నా భుజం ఎత్తున ఉండేది. చెట్టు ఇప్పుడు మిద్దె దాటిపోయింది. మేకు మాత్రం అదే ఎత్తులో ఉంది. మారిందొక్కటే, మాను లావై మేకు తలను సగం మింగేసింది. ఎత్తు పెరగడం కొసన జరిగే పని, లావు కావడం పక్కన జరిగే పని అని చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు. ఆ పెరిగే చోట్లలో ఉండి, విడిపోతూనే ఉండే కణాల గుంపే విభాజ్య కణజాలం. దానికి ఇంగ్లిషులో వాడే 'మెరిస్టెమ్' అన్న మాటను 1858లో స్విట్జర్లాండ్ శాస్త్రవేత్త నేగెలి పెట్టాడు. విడగొట్టడం అనే అర్థమున్న గ్రీకు మాట నుంచి తీసుకున్నాడు.

ఇక చిక్కంతా ఎక్కడొస్తుందంటే, ఈ కణజాలాన్ని మనం కనీసం మూడు ప్రశ్నలు అడుగుతాం. ఎక్కడున్నావు? ఎక్కడి నుంచి పుట్టావు? ఏం తయారుచేస్తావు? పుస్తకాల్లో ఈ మూడింటి జవాబులూ ఒకే పేజీలో, ఒకే పట్టికలో కలిసిపోయి ఉంటాయి. పిల్లలు వాటిని ఒకే కొలబద్ద మీది గీతలనుకుంటారు. ఒక మనిషిని ఊరిని బట్టి కర్నూలాయన అంటాం, పని బట్టి మాస్టారంటాం, వరసను బట్టి చిన్నాన్న అంటాం. మనిషి ఒక్కడే కదా.

ఎక్కడున్నావు అని అడిగితే మూడు జవాబులు: కొసన ఉంటే అగ్ర, మధ్యలో ఇరుక్కుని ఉంటే మధ్యస్థ, పక్కన చుట్టూ ఉంటే పార్శ్వ.

అగ్ర విభాజ్య కణజాలం కాండం కొసల్లో, వేరు కొసల్లో ఉంటుంది. పొడవు పెంచడం దాని పని. కర్నూలు, నంద్యాల నల్లరేగడి చేలల్లో శనగ తలలు తుంచడం మీరు చూసే ఉంటారు. కొస మొగ్గ పోగానే కిందున్న పక్క మొగ్గలు లేస్తాయి, మొక్క గుబురుగా కొమ్మలేస్తుంది. కొసలో తయారయ్యే ఆక్సిన్ అనే హార్మోను పక్క మొగ్గలను అణచి ఉంచుతుంది. కొస తీసేస్తే ఆ పెత్తనం పోతుంది.

ఇక్కడే ఒక తప్పు. నేను దిద్దిన పేపర్లలో ఏటా కనిపించేది. పార్శ్వ మొగ్గ వేరు, పార్శ్వ విభాజ్య కణజాలం వేరు. ఆకు గ్రీవంలో ఉండే పక్క మొగ్గ లోపల ఉన్నది కూడా అగ్ర విభాజ్య కణజాలమే, ఎందుకంటే అది రేపు రాబోయే కొమ్మకు కొస. పేరులో 'పార్శ్వ' ఉందని పిల్లలు దాన్ని కేంబియం పక్కన కూర్చోబెట్టేస్తారు. ఒక మార్కు పోతుంది.

వేరు దగ్గర చిన్న తేడా ఉంది. వేరు మట్టిని తోసుకుంటూ పోవాలి కాబట్టి కొసకు తొడుగు ఉంటుంది. అందుకని విభాజ్య కణజాలం సరిగ్గా చివర ఉండదు, తొడుగుకు కాస్త లోపల ఉంటుంది. ఇది చూడాలంటే ఎర్రగడ్డ చాలు (ఉల్లిపాయను మా వైపు అలాగే అంటాం), కర్నూలులో దానికి కొరత కూడా లేదు. అడుగున ఎండిన వేర్లు గీకేసి, గ్లాసు నీళ్ల మీద అడుగు తగిలేలా పెడితే రెండు మూడు రోజుల్లో తెల్లటి వేర్లు వస్తాయి. కాలేజీలో పొద్దున్నే ఆ కొసలు కోసి, ఎసిటో కార్మైన్ రంగు వేసి, గాజు పలకల మధ్య నొక్కి చూపిస్తాం. విడిపోతున్న కణాలు చివరి ఒకటి రెండు మిల్లీమీటర్లలోనే దొరుకుతాయి. అంతకంటే పైన కోసి తెచ్చిన పిల్లవాడికి గంటసేపు వెతికినా ఒక్క క్రోమోజోమూ కనబడదు. అది వాడికి పాఠం కంటే బాగా గుర్తుంటుంది.

మధ్యస్థ విభాజ్య కణజాలానికి పుస్తకంలో రెండే వాక్యాలుంటాయి, కానీ మన నేల మీద దానంత కనబడేది ఇంకోటి లేదు. విడిపోవడం ఆపేసిన శాశ్వత కణజాలాల మధ్యలో మిగిలిపోయిన విభాజ్య కణాలివి. గడ్డి జాతి మొక్కల్లో కణుపుల దగ్గర, ఆకుల మొదట్లో ఉంటాయి. గొర్రెలు గడ్డి కొసలు కొరికేసి పోయినా వారానికి ఆకు మళ్లీ పొడవెందుకు అవుతుంది? పెరిగే చోటు ఆకు మొదట్లో ఉంది, గొర్రె నోటికి అందలేదు. గాలివానకు పడిపోయిన జొన్న కర్ర నాలుగు రోజుల్లో కణుపు దగ్గర వంగి తల పైకెత్తడం కూడా అక్కడి కణాల పనే.

దీనికి నాకు బాగా ఇష్టమైన ఉదాహరణ చెనిక్కాయ. మీ కర్నూలులో బుడ్డలంటారు, పుస్తకంలో వేరుశనగ. పసుపు పువ్వు నేల మీద పూస్తుంది, కాయ నేలలో పడుతుంది. మధ్యలో ఏం జరిగింది? పువ్వు ఫలదీకరణ చెందాక అండాశయం అడుగున ఉన్న కణాలు విడిపోవడం మొదలవుతుంది. దాంతో ఒక కాడ పుట్టి, అండాశయాన్ని కొసన మోసుకుంటూ నేలవైపు దిగుతుంది. రైతులు ఊడ అంటారు. చాలామంది, పిల్లలే కాదు పెద్దలు కూడా, దాన్ని వేరనుకుంటారు. చేతిలోకి తీసుకుని చూడండి: ఊదారంగు కలిసిన సన్నటి కాడ, కొస సూదిలా గట్టిగా ఉంటుంది. ఆ కొసలో ఉన్నది కాబోయే కాయ. పెరిగే కణాలు కొసలో కాకుండా ఆ కాయకు కాస్త వెనక ఉన్నాయి. ముందు అండాశయం, వెనక కాడ, నడుమ విభాజ్య కణజాలం. మధ్యస్థం అన్న పేరు ఇంతకంటే ఎక్కడా సరిగ్గా కుదరదు.

ఊడ మట్టిలోకి దిగాక పొడవు పెరగడం ఆగిపోతుంది, కొస అడ్డంగా తిరిగి కాయ ఊరుతుంది. మధ్యస్థ విభాజ్య కణజాలం తాత్కాలికం అని పుస్తకం రాసే ముక్కకు అర్థం ఇదే: పని అయ్యాక ఆ కణాలు కూడా శాశ్వత కణజాలంగా మారిపోతాయి. ఊడలు దిగే సమయానికి వాన మొహం చాటేస్తే మా ఎర్రనేల పైపొర గట్టిపడిపోతుంది. సూదిలాంటి కొస కూడా దిగలేదు. అనంతపురం జిల్లాలో ఎన్నో పంటలు అక్కడే పోయాయి. ఆ దశలో ఎకరాకు 200 కిలోల జిప్సం వేయమనడం వేరే సంగతి. అది కాయకు కాల్షియం కోసం, ఊరే కాయ కాల్షియాన్ని చుట్టూ ఉన్న మట్టి నుంచి నేరుగా తీసుకుంటుంది.

పార్శ్వ విభాజ్య కణజాలాలు రెండు: నాళికా కేంబియం, బెండు కేంబియం.

నాళికా కేంబియాన్ని నేను వేలితో ముట్టుకుని తెలుసుకున్నాను, చీనీకి అంటు కట్టేటప్పుడు. రంగపూర్ నిమ్మ మొక్క పెన్సిలంత లావయ్యాక దాని తోలు మీద టీ అక్షరంలా గాటు పెడతాం. కత్తి వెనకభాగంతో తోలును మెల్లగా లేపితే రెండు రెక్కలుగా విచ్చుకుంటుంది. లోపల కట్టె తెల్లగా, తడిగా, వేలు పెడితే జారిపోయేంత నున్నగా ఉంటుంది. సాత్గుడి అనే చీనీ రకం కొమ్మ నుంచి తీసిన కన్నును (మొగ్గను) ఆ సందులోకి జారవిడిచి, కన్ను కనబడేలా పాలిథిన్ పట్టీ చుడతాం. ఆ జారుడు ఎక్కడిదనుకున్నారు? తోలుకూ కట్టెకూ మధ్య కేంబియం కణాలు జోరుగా విడిపోతున్నాయి, కొత్త కణాల గోడలు ఇంకా పలచగా ఉన్నాయి. తోలు లేపితే చిరిగేది సరిగ్గా ఆ పొరలోనే. మొక్క ఎండలో వాడి ఉంటే కేంబియం పని మందగిస్తుంది, తోలు లేవదు, బలవంతంగా లేపితే పీలికలవుతుంది. అందుకే పనివాళ్లు "నాలుగు దినాలు నీళ్లు పెట్టి పిలువు సార్" అంటారు. వాళ్లకు కేంబియం అన్న పేరు తెలియదు, దాని నాడి మాత్రం నాకంటే బాగా తెలుసు.

కన్ను అతుక్కోవాలంటే ఈ కేంబియం ఆ కేంబియాన్ని తాకాలి. నేను సొంతంగా కట్టిన మొదటి ఏడాది అంటు బాగానే పట్టింది. కానీ కాలేజీ పరీక్షల హడావిడిలో పడి పట్టీలు విప్పడం మరిచిపోయాను. చూసేసరికి పట్టీకి పైన ఉబ్బు, పట్టీ కింద నడుము నొక్కినట్టు గాడి. కేంబియం లావు చేస్తూ పోయింది, పట్టీ సాగలేదు. ఆకుల్లో తయారైన ఆహారం తోలు గుండా కిందికి దిగలేక పైనే ఉబ్బింది. ఇరవై దాకా మొక్కలు గాలికి అక్కడే విరిగాయి. మా ఆవిడ ఇప్పటికీ అప్పుడప్పుడూ గుర్తుచేస్తుంది.

కేంబియం లోపలి వైపుకు దారువును (నీళ్లు మోసే కట్టె), బయటి వైపుకు పోషక కణజాలాన్ని (ఆహారం మోసేది) తయారుచేస్తుంది. లోపలికి ఇచ్చేది చాలా ఎక్కువ. అందుకే మానులో కట్టె అంత, తోలు ఇంత. కడప శేషాచలం కొండల్లో ఎర్రచందనం దుంగకు అంత ధర పలికే ఎర్రటి చేవ అంతా కేంబియం ఒకప్పుడు లోపలికి తోసిన దారువే. ఇప్పుడు అది నీళ్లు మోయదు, రంగు పదార్థాలతో నిండిపోయి ఊరికే నిలబడి ఉంటుంది. కదిరి దగ్గర తిమ్మమ్మ మర్రిమాను చూసి ఉంటే, 1989లో గిన్నిస్ రికార్డుకెక్కిన చెట్టు, అక్కడ ఊడలు మానులంత లావై నిలబడి ఉంటాయి. అవి వేర్లే. వాటికీ కేంబియం ఉంది కాబట్టే స్తంభాలయ్యాయి. (మర్రి ఊడ వేరు, చెనిక్కాయ ఊడ వేరు కాదు. పేరొకటే, సంగతి వేరు. పిల్లలకు ఇది చెప్పి నవ్వించేవాణ్ని.)

బెండు కేంబియం గురించి రెండు ముక్కలే. మాను లావవుతుంటే పై చర్మం పగిలిపోతుంది కదా, దాని బదులు కొత్త తొడుగు కుట్టేది ఇది. బయటికి బెండు కణాలిస్తుంది, అవి చచ్చిపోయి నీటిని ఆపుతాయి. జామచెట్టు పెచ్చులూడేది ఆ పొరల్లోనే.

ఎక్కడి నుంచి పుట్టావు అని అడిగితే ఇప్పుడు మీ అసలు ప్రశ్న దగ్గరికొస్తాం. పిండ దశ నుంచి విడిపోవడం ఆపకుండా వచ్చిన వంశం ప్రాథమికం. ఒకసారి పని మానేసి శాశ్వత కణంగా స్థిరపడి, తర్వాత మళ్లీ విడిపోవడం మొదలుపెట్టినది ద్వితీయం. రిటైరై మళ్లీ ఉద్యోగంలో చేరినట్టు.

ఈ లెక్కన కాండంలో కేంబియం వలయాన్ని చూడండి. నాళికాపుంజం లోపల దారువుకూ పోషక కణజాలానికీ మధ్య ఉన్న ముక్క, అగ్ర విభాజ్య కణజాలం నుంచి వచ్చిన వంశంలోనే ఆగకుండా మిగిలింది. కాబట్టి ప్రాథమికం. రెండు పుంజాల మధ్య ఉన్న ముక్క అలా కాదు. అక్కడ ముందు మామూలు మృదుకణజాలమే (పలచటి గోడల సాదా కణాలు) ఉండేది, అది తిరిగి విభజన శక్తి తెచ్చుకుని కేంబియం అయింది. కాబట్టి ద్వితీయం. ఈ రెండు ముక్కలూ చేయి చేయి కలిపి పూర్తి వలయం కడతాయి. ఒకే వలయం, సగం ప్రాథమికం, సగం ద్వితీయం. బెండు కేంబియం మొత్తం ద్వితీయమే. ద్విదళ బీజాల వేరులో నాళికా కేంబియం పూర్తిగా ద్వితీయమని పుస్తకం చెప్తుంది, అది పరీక్షలో తరచు అడిగే ముక్క.

మరి పుస్తకం కేంబియాన్నంతా ద్వితీయమని ఎందుకంది? ఎన్సీఈఆర్టీ పద్ధతి వేరే కొలత తీసుకుంది: మొక్క జీవితంలో ఎప్పుడు కనిపిస్తుంది, ఏ కణజాలాలనిస్తుంది అని. అగ్ర, మధ్యస్థ రెండూ తొందరగా కనిపిస్తాయి, ప్రాథమిక దేహాన్ని కడతాయి, కాబట్టి ప్రాథమికం. పార్శ్వమైనవి ముదిరిన భాగాల్లో తర్వాత కనిపిస్తాయి, ద్వితీయ కణజాలాలనిస్తాయి, కాబట్టి ద్వితీయం. అది తప్పేమీ కాదు, పైపై లెక్క అంతే. నీట్‌కు రాసేవాళ్లు అదే పట్టుకోవాలి. నా మాట విని పరీక్ష హాల్లో వాదనకు దిగొద్దు.

ఏం తయారుచేస్తావు అని అడిగితే అగ్ర భాగానికి కాస్త వెనక మూడు కణాల గుంపులు కనిపిస్తాయి: బాహ్యచర్మాన్నిచ్చేది, నాళికా కణజాలాలనిచ్చేది, మిగతా వల్కలం (చర్మం కింది భాగం), దవ్వ (నడిమి మెత్తటి భాగం) ఇచ్చేది. ఇది హాబర్‌లాండ్ చేసిన విభజన. అగ్రం ఎలా పనిచేస్తుందన్న దాని మీద 1868లో హాన్‌స్టీన్ మూడు పొరల సిద్ధాంతం చెప్పాడు. 1924లో ష్మిట్ కాండం కొసకు పై పొరలు, లోపలి ముద్ద అనే రెండు భాగాల లెక్క తెచ్చాడు. డిగ్రీకి వెళ్తే ఇవన్నీ వస్తాయి, ఇప్పుడు టెన్షన్ పడనక్కర్లేదు.

ఒక మెలిక మాత్రం చెప్పాలి. "విభాజ్య కణాలు చిన్నవి, కేంద్రకం పెద్దది, రిక్తికలు (కణంలో నీటి సంచులు) ఉండవు" అని లక్షణాలు రాయిస్తాం. అగ్ర కణాలకు అది బాగా సరిపోతుంది. కేంబియం కణాలు దీన్ని లెక్కచేయవు, వాటిలో పొడవాటి కదురు ఆకారపు కణాలు ఉంటాయి, వాటిలో పెద్ద రిక్తికలూ ఉంటాయి. అయినా విభాజ్య కణాలే. వాటిని గుర్తుపట్టేది చేసే పనిని బట్టి.

ఇంట్లో చూపించాలంటే మీ అమ్మాయి చేత క్యారెట్ అడ్డంగా కోయించండి. మధ్యలో లేతరంగు దిమ్మె దారువు, బయటి చిక్కటి నారింజ భాగంలో ఎక్కువగా ఉన్నది పోషక కణజాలం, రెండింటి మధ్య సన్నటి గీత దగ్గర కేంబియం. తర్వాత బీట్‌రూట్ కోయించండి. వలయం మీద వలయం ఉంటుంది, ఎందుకంటే అందులో ఒక కేంబియం తర్వాత ఇంకో కేంబియం, బయటికి బయటికి కొత్తవి పుడుతూ పోతాయి. పుస్తకం చెప్పిన ఒక్క వలయం నియమాన్ని మన వంటింటి కూరగాయే పాటించదు.

ఇక కొబ్బరి. ఏకదళ బీజాల్లో నాళికాపుంజాలు చెల్లాచెదురుగా ఉంటాయి, వాటిలో కేంబియం ఉండదు. డ్రసీనా, యుక్కా లాంటి కొన్ని వేరే రకం కేంబియంతో లావవుతాయి గానీ కొబ్బరి, ఈత వాటిలో లేవు. ఇవి ముందు నేల దగ్గరే ఉండి, కొసకు కాస్త కింద అడ్డంగా విడిపోయే కణాలతో మొదలును కావలసినంత లావు చేసుకుంటాయి. ఆ తర్వాతే ఎత్తుకు లేస్తాయి. ఉన్న కణాలు కాస్త ఉబ్బడం తప్పిస్తే, లేచాక ఆ భాగం లావులో పెద్ద మార్పు రాదు. కొబ్బరి మానులో ఒకచోట నడుము సన్నబడి కనిపిస్తే, కొస ఆ ఎత్తులో ఉన్న రోజుల్లో చెట్టు కరువుకో జబ్బుకో గురైందని చెప్పొచ్చు. వేపచెట్టు అయితే అలాంటి నొక్కును తర్వాత పూడ్చుకునేది.

వంకల వెంబడి ఈత చెట్లుంటే ఒకసారి మానును చూడండి. కల్లు గీసినవాళ్లు ఒక ఏడు ఒక పక్క, ఇంకో ఏడు ఇంకో పక్క కోసిన గాట్లు మెట్లలా పైకి పోతూ ఉంటాయి. ఒక్కటీ పూడదు. పూడ్చడానికి అక్కడ కేంబియం లేదు. ఆ గాట్లు లెక్కపెట్టి చెట్టును ఎన్నేళ్లుగా గీస్తున్నారో మా ఊరి ముసలాయన ఇట్టే చెప్పేవాడు.